కాపా గొలుసు మీది వంశపు గుర్తు

రోగకారక క్రిములను గుర్తించి పట్టుకునే ప్రతిరక్షకాలు, అంటే వాడుకలో యాంటీబాడీలని పిలుస్తున్న మాంసకృత్తులు, ఒకే మనిషి రక్తంలో కోట్లాది రకాలుగా ఉండగలవన్నది కొవిడ్ కాలం తరువాత సామాన్య పాఠకులకు కూడా కొంత తెలిసిన సంగతే. ఒక ఒంట్లోనే ఇంత వైవిధ్యం ఉన్నప్పుడు, ఒక మనిషి ప్రతిరక్షకాలకూ మరొక మనిషి ప్రతిరక్షకాలకూ మధ్య తల్లిదండ్రుల నుంచి సంక్రమించే తేడా ఏదైనా ఉందా అన్న ప్రశ్నకు 1956 వరకు ఆధారంతో కూడిన జవాబు దొరకలేదు. దొరికిన జవాబుల్లో ఒకటి ప్రతిరక్షకంలోని చిన్న భాగమైన తేలిక గొలుసుకు సంబంధించినది. ఆ గొలుసులో ఒక రకమైన కాపా గొలుసుపై, సుమారు 214 అమైనో ఆమ్లాల వరుసలో కేవలం రెండు స్థానాల్లో, మనిషికీ మనిషికీ తేడా ఉండవచ్చునని, ఆ తేడా రక్తవర్గాల మాదిరిగానే తరతరాలకు దిగుతుందని తేలింది. కేఎం అని పేరున్న ఈ గుర్తు ఉన్నందువల్ల ఎవరూ బలవంతులు కారు, లేనందువల్ల ఎవరూ రోగులు కారు. అయినా ప్రతిరక్షకాలు జన్యువుల నుంచి ఎలా తయారవుతాయన్న పెద్ద చిక్కు విడిపోవడంలో ఈ చిన్న గుర్తు వహించిన పాత్ర దాని పరిమాణానికి మించినది.

ప్రతిరక్షకం నిర్మాణాన్ని ముందుగా తెలుసుకుంటే తప్ప ఈ గుర్తు ఎక్కడుందో అర్థం కాదు. రక్తంలో అధికంగా ఉండే ఐజీజీ తరగతి ప్రతిరక్షకం ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. అందులో ఒక్కొక్కటి సుమారు 50,000 డాల్టన్ల బరువున్న రెండు బరువు గొలుసులూ, ఒక్కొక్కటి సుమారు 23,000 డాల్టన్ల బరువున్న రెండు తేలిక గొలుసులూ ఉండి, గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలతో పరస్పరం ముడిపడి ఉంటాయి. ఇంగ్లండులో రాడ్నీ పోర్టర్ బొప్పాయి పాల నుంచి తీసిన పపాయిన్ అనే ఎంజైముతో ఈ అణువును ముక్కలు చేసి, అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ ఆ బంధాలను తెంచి గొలుసులను విడదీసి, 1959 ప్రాంతంలో వేర్వేరు దారుల్లో ఈ నిర్మాణానికి పునాది వేశారు. 1972లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. బరువు గొలుసులో తేడాలను బట్టి ప్రతిరక్షకాలు ఐజీజీ, ఐజీఎం, ఐజీఏ, ఐజీడీ, ఐజీఈ అనే తరగతులుగా విడిపోతాయి గాని, తేలిక గొలుసు మాత్రం అన్ని తరగతులకూ ఉమ్మడిది. అది కాపా, లామ్డా అని రెండు రకాలు. లియొన్‌హార్డ్ కోర్న్‌గోల్డ్, రోజ్ లిపారి అనే ఇద్దరు పరిశోధకులు 1956లో ఈ రెండు రకాలను వేరుగా గుర్తించగా, వారి ఇంటిపేర్లలోని తొలి అక్షరాలే గ్రీకు రూపంలో ఆ గొలుసులకు పేర్లుగా నిలిచాయి. మనిషిలో కాపా ఉన్న ప్రతిరక్షకాలు లామ్డా ఉన్నవాటికి దాదాపు రెండింతలు ఉంటాయి.

తేలిక గొలుసు అసలు ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దంలోనే వైద్యుల కంటపడింది, కాకపోతే అది ఏమిటో ఎవరికీ తెలియదు. 1845లో లండనులో ఎముకలు మెత్తబడే జబ్బుతో తీవ్రమైన నొప్పులు పడుతున్న ఒక కిరాణా వ్యాపారి మూత్రాన్ని పరీక్షించమని అతని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్ అనే రసాయన వైద్యుడికి పంపగా, అందులో విచిత్రంగా ప్రవర్తించే ఒక మాంసకృత్తు భారీగా ఉన్నట్లు ఆయన కనుగొన్నాడు. మామూలు మాంసకృత్తు వేడికి ఒకసారి గడ్డకడితే మళ్లీ కరగదు. ఇది సుమారు 50, 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, మరిగే వేడికి తిరిగి కరిగి, చల్లారితే మళ్లీ గడ్డకడుతుంది. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌లో కనిపించే ఈ బెన్స్ జోన్స్ ప్రోటీను నిజానికి ప్రతిరక్షకపు తేలిక గొలుసేనని ఎడెల్మన్, జోసెఫ్ గాలీ 1962లో రుజువు చేసేసరికి నూరేళ్లు దాటాయి. ఆరోగ్యవంతుడి రక్తంలో కోట్లాది రకాల తేలిక గొలుసులు కలగలిసి ఉండడం వల్ల ఏ ఒక్కదాని అమైనో ఆమ్లాల వరుసనూ చదవడం అప్పట్లో సాధ్యం కాని పని; మైలోమా రోగిలోనైతే ఒకే కణం పిచ్చిగా పెరిగి ఒకే రకం గొలుసును కుప్పలుగా పోస్తుంది కనుక చదవడానికి కావలసిన శుద్ధ పదార్థం దొరుకుతుంది. ప్రతిరక్షకాల రసాయనశాస్త్రం ఈ రోగులకు ఎంతో రుణపడి ఉంది.

1965లో నార్బర్ట్ హిల్ష్‌మాన్, లైమన్ క్రెయిగ్ ఇలాంటి గొలుసుల వరుసలను పోల్చి చూసినప్పుడు ఎవరూ ఊహించని సంగతి బయటపడింది. గొలుసులో మొదటి సగం, సుమారు 108వ స్థానం దాకా, ఒక రోగికీ మరొక రోగికీ ఎన్నో చోట్ల వేరుగా ఉంది. అక్కడి నుంచి చివరిదాకా ఉన్న రెండో సగం దాదాపు ఒకేలా ఉంది. మొదటి సగాన్ని చర భాగమనీ, రెండోదాన్ని స్థిర భాగమనీ అంటారు. క్రిమిని పట్టుకునేది చర భాగం కనుక అక్కడ వైవిధ్యం ఉండడం సహజమే. స్థిర భాగం గొలుసును నిలబెట్టి, చివరనున్న 214వ స్థానపు సిస్టీన్ ద్వారా బరువు గొలుసుతో ముడివేస్తుంది. ఆ స్థిర భాగంలో కూడా ఒకటి రెండు చోట్ల కనిపించిన చిన్న తేడాయే ఈ వ్యాసానికి విషయం, అయితే ఆ తేడా రసాయన రూపంలో కనబడకముందే రక్తపరీక్షల్లో పట్టుబడింది.

అలా పట్టుబడడం రక్తనిధుల్లో పనిచేసేవారికి పరిచయమైన పరికరాలతోనే జరిగింది. ఆర్‌హెచ్ పాజిటివ్ రక్తకణాలపై డి అనే పదార్థం ఉంటుంది. దానికి వ్యతిరేకంగా పుట్టిన కొన్ని ప్రతిరక్షకాలు కణాలకు అంటుకుంటాయి గాని, రెండు కణాల మధ్య దూరాన్ని అందుకోలేనంత పొట్టివి కావడం వల్ల వాటిని గుంపుకట్టించలేవు. అలా పూత పూసిన కణాలకు రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న కొందరి సీరం, అంటే గడ్డకట్టిన రక్తంపై తేలే పసుపు ద్రవం, కలిపితే వెంటనే కణాలు గుంపుకడతాయి. ఆ రోగుల సీరంలో ప్రతిరక్షకాలనే పట్టుకునే ప్రతిరక్షకాలు ఉండడమే అందుకు కారణం. స్వీడన్‌లోని లుండ్ నగరంలో రూన్ గ్రబ్ 1956లో దీనికి మరొక మెట్టు జోడించాడు. రోగి సీరంలో ముందుగా ఎవరైనా ఆరోగ్యవంతుడి సీరం కలిపి, ఆ తరువాత పూత పూసిన కణాలు వేస్తే, కొందరి విషయంలో గుంపుకట్టడం ఆగిపోయింది, మరికొందరి విషయంలో ఆగలేదు. ఆగిందంటే ఆ ఆరోగ్యవంతుడి ప్రతిరక్షకాలపై కూడా పూతలో ఉన్న గుర్తే ఉండి, రోగి సీరంలోని ప్రతిరక్షకాలన్నీ దానికే అంటుకుని ఖర్చయిపోయాయన్నమాట. గుంపుకడితే గుర్తు లేనట్టు, కట్టకపోతే ఉన్నట్టు. మామూలు రక్తవర్గ పరీక్షకు ఇది తలకిందులు. కుటుంబాలను పరీక్షించినప్పుడు ఈ లక్షణం వంశపారంపర్యంగా దిగుతున్నట్టు తేలింది. ఇలా బరువు గొలుసుపై బయటపడ్డ గుర్తుల కుటుంబానికి జీఎం అనే పేరు స్థిరపడింది.

ఫ్రాన్సులోని రూఆన్ నగరంలో రక్తదాన కేంద్రానికి చెందిన క్లోద్ రొపార్ట్జ్, ఆయన సహచరులు లెన్వార్, రీవా ఇదే పద్ధతిని అనుసరిస్తూ 1961లో జీఎంతో సంబంధం లేకుండా స్వతంత్రంగా సంక్రమించే మరో గుర్తును కనుగొని దానికి ఇన్‌వి అని పేరు పెట్టారు. జీఎం గుర్తులు ఐజీజీ తరగతిలోనే కనిపిస్తుండగా ఈ కొత్త గుర్తు ఐజీఎంలోనూ, ఐజీఏలోనూ, కొందరు మైలోమా రోగుల మూత్రంలోని బెన్స్ జోన్స్ ప్రోటీనులో కూడా దొరికింది. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది తేలిక గొలుసు కనుక గుర్తు అక్కడే ఉండాలి. అందులోనూ కాపా గొలుసు ఉన్న ప్రోటీనుల్లోనే కనిపించి, లామ్డా ఉన్నవాటిలో ఎప్పుడూ కనిపించకపోవడంతో దాని చిరునామా కాపా గొలుసేనని ఖాయమైంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 1976లో వెలువడిన నామకరణ పత్రం ఇన్‌వి అన్న పేరును తీసివేసి, కాపా మార్కరు అని అర్థం వచ్చేలా కేఎం అని మార్చింది. పాత పుస్తకాల్లో ఇన్‌వి అనీ, కొత్తవాటిలో కేఎం అనీ ఉండేది ఒకటే.

ఈ గుర్తులు మొత్తం మూడు: కేఎం-1, కేఎం-2, కేఎం-3. ఇవి మూడు వేర్వేరు వస్తువులనుకుంటే పొరపాటు. ఒకే జన్యువుకు వేర్వేరు మనుషుల్లో ఉండే వేర్వేరు రూపాలను యుగ్మవికల్పాలంటారు. కాపా స్థిర భాగపు జన్యువుకు అలాంటి రూపాలు మూడు ఉన్నాయి, వాటిలో ఒకటి కేఎం-1ను మాత్రమే, రెండోది కేఎం-1, కేఎం-2లను కలిపి, మూడోది కేఎం-3ను మాత్రమే చూపిస్తుంది. ఇది ఎందుకలా ఉందో అమైనో ఆమ్లాల వరుస చదివాకే అర్థమయింది. 1966లో కొరాడో బాల్యోని బృందం కేఎం-1 ఉన్న గొలుసుల్లో 191వ స్థానంలో ల్యూసిన్, లేనివాటిలో వేలీన్ ఉంటుందని చూపింది. 1974లో సెలియా మిల్‌స్టైన్, ఆర్థర్ స్టైన్‌బర్గ్ తదితరులు రెండో తేడాను 153వ స్థానంలో పట్టారు. కేఎం-2 ఉన్న గొలుసుల్లో అక్కడ అలనిన్, కేఎం-1 ఒక్కటే ఉన్న అరుదైన గొలుసుల్లో వేలీన్ ఉన్నాయి. అంటే కేఎం-3 గొలుసులో 153 దగ్గర అలనిన్, 191 దగ్గర వేలీన్ ఉంటాయి. 191 దగ్గరి వేలీన్ ల్యూసిన్‌గా మారితే కేఎం-1, కేఎం-2 రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఆపైన 153 దగ్గరి అలనిన్ కూడా వేలీన్‌గా మారితే కేఎం-2 పోయి కేఎం-1 మిగులుతుంది. కేఎం-2 ఒంటరిగా ఎవరిలోనూ కనిపించకపోవడానికి కారణం ఇదే, ఎందుకంటే దానికి కావలసిన 191వ స్థానపు ల్యూసిన్ ఉన్నప్పుడు కేఎం-1 కూడా ఉండి తీరుతుంది.

వేలీన్‌కూ ల్యూసిన్‌కూ తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు మాత్రమే, జన్యువులో చూస్తే ఒకే ఒక్క అక్షరం మార్పు. మొత్తం ప్రతిరక్షకం బరువు సుమారు 1,50,000 డాల్టన్లు కాగా ఈ తేడా 14 డాల్టన్లు. అంత చిన్న తేడాను మరొక మనిషి సీరంలోని ప్రతిరక్షకం పట్టి చెప్పగలిగిందంటే, ప్రతిరక్షకాల చూపు ఎంత సునిశితమో అంతకన్నా మంచి రుజువు మరొకటి కనబడదు. రసాయన తులాదండాలు ఏ మాత్రం తూచలేని కాలంలో, ఒక రోగి రక్తమే ఆ పనిని చేసిపెట్టింది.

ఇక సంక్రమణ సంగతి. ప్రతి మనిషికీ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ వేర్వేరైతే సీరంలో రెండింటి గుర్తులూ కనిపిస్తాయి, ఒకటి మరొకదాన్ని అణచివేయదు. కేఎం-3 మాత్రమే ఉన్న దంపతులకు కేఎం-1 ఉన్న బిడ్డ పుట్టడానికి వీల్లేదు. ఏ లెక్కన చూసినా ఇది మెండెల్ బఠాణీల్లో చూసిన నియమమే, విశేషమేమీ లేదు. అయితే ఇలా విశేషం లేకపోవడమే అసలు విశేషమైంది. 1960ల ప్రథమార్ధంలో జీవశాస్త్రంలో ఒక జన్యువు ఒక గొలుసును తయారు చేస్తుందన్నది పునాది సూత్రం. ఆ సూత్రం ప్రకారం లక్షల రకాల తేలిక గొలుసులకు లక్షల జన్యువులు కావాలి. ఒక్కొక్క జన్యువులోనూ చర భాగంతో పాటు స్థిర భాగం కూడా ఉండాలి. అలాగైతే ఒక మనిషి కాపా గొలుసులన్నిటి మీదా 191వ స్థానంలో ల్యూసినే ఉండాలంటే, ఆ లక్షల జన్యువులన్నిటిలోనూ అదే చోట అదే అక్షరం ఒకేసారి మారి ఉండాలి, పైగా అవన్నీ విడిపోకుండా ఒకే ముద్దగా బిడ్డకు దిగాలి. ఇది నమ్మశక్యం కాని సంగతి. స్థిర భాగానికి ఒకే జన్యువు ఉండి, దాన్నే ఎన్నో రకాల చర భాగాలు పంచుకుంటున్నాయనుకుంటే మాత్రం చిక్కు విడిపోతుంది. ఒక బట్టీలో కాల్చిన ఇటుకలన్నిటి మీద అవే అక్షరాలు అచ్చుపడి ఉన్నాయంటే అచ్చుపెట్టె ఒక్కటేనని ఊహించినట్టే, కాపా గొలుసులన్నిటి మీదా ఒకే గుర్తు కనిపించడం వాటి స్థిర భాగానికి మూలం ఒక్కటేనని సూచించింది.

1965లో విలియం డ్రయర్, క్లాడ్ బెనెట్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక గొలుసుకు రెండు జన్యువులు ఉంటాయనీ, అవి శరీరకణంలో అతుక్కుంటాయనీ ప్రతిపాదించినప్పుడు చాలామందికి అది మింగుడుపడలేదు; జన్యువులు జీవితకాలమంతా చెక్కుచెదరవన్న నమ్మకం అంత బలమైనది. 1976లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సుసుము తోనెగావా, నొబుమిచి హొజుమి ఎలుక పిండం డీఎన్‌ఏనూ, కాపా గొలుసును తయారుచేస్తున్న ఎలుక కంతి డీఎన్‌ఏనూ పక్కపక్కన పోల్చి, పిండంలో దూరదూరంగా ఉన్న చర, స్థిర భాగాల ముక్కలు ప్రతిరక్షక కణంలో దగ్గరకు చేరాయని చూపడంతో ఆ ప్రతిపాదన నిజమైంది. తోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో కాపా జన్యువులు రెండో క్రోమోజోముపై ఉన్నాయి; అక్కడ పనిచేసే చర భాగపు ముక్కలు సుమారు 40, వాటిని అతికే చిన్న ముక్కలు 5 ఉండగా, స్థిర భాగం ముక్క ఒకే ఒక్కటి. కేఎం గుర్తు మోసేది ఆ ఒక్క ముక్కే.

ఈ గుర్తు మరొక రహస్యాన్ని కూడా బయటపెట్టింది. కేఎం-1, కేఎం-3 రెండూ ఉన్న మనిషికి మైలోమా వస్తే, కంతి నుంచి వచ్చే కాపా గొలుసుపై ఏదో ఒక గుర్తే ఉంటుంది, రెండూ ఉండవు. అంటే ప్రతిరక్షకాలు తయారుచేసే ప్రతి బి-కణమూ తల్లి ఇచ్చిన జన్యువునో తండ్రి ఇచ్చినదాన్నో ఏదో ఒకటే వాడుకుని రెండోదాన్ని పక్కన పెడుతుంది. ఒక కణం రెండు రకాల ప్రతిరక్షకాలను తయారుచేస్తే ఏ క్రిమికి ఏది పనికివచ్చిందో కణానికి తెలిసే దారి ఉండదు కాబట్టి ఈ ఏర్పాటు రక్షణ వ్యవస్థకు ఎంతో ముఖ్యమైనది.

కాపా కథ ఇంత తేటగా ఉండగా లామ్డా గొలుసు పరిశోధకులను చక్కగా తప్పుదారి పట్టించింది. 1967లో డేనియల్ ఐన్, జాన్ ఫేహీ మైలోమా రోగుల లామ్డా గొలుసుల్లో ఒక కొత్త తేడాను వర్ణించారు. ఓజ్ అని పేరున్న ఆ గుర్తు కొందరి గొలుసులపై ఉంది, మరికొందరివాటిపై లేదు, ఉన్నచోట 190వ స్థానంలో లైసిన్, లేనిచోట ఆర్జినిన్ ఉన్నాయి. చూడబోతే ఇది కాపా మీది గుర్తుకు అచ్చమైన జోడు. అయితే ఆరోగ్యవంతుల సీరాలను పరీక్షిస్తే గుర్తు లేని మనిషి ఒక్కడూ దొరకలేదు. ప్రతి ఒక్కరిలోనూ రెండు రకాల లామ్డా గొలుసులూ పక్కపక్కనే ఉన్నాయి. మైలోమా రోగిలో ఒకే కణం గొలుసు కనిపిస్తుంది కనుక, ఆ కణం ఏ రకాన్ని ఎంచుకుందో అదే కనబడి, మనిషికీ మనిషికీ తేడా ఉన్నట్టు భ్రమ కలిగింది. 152వ స్థానంలో తేడా ఉన్న కెర్న్ గుర్తు, మూడు స్థానాల్లో తేడాలున్న ఎంసీజీ గుర్తు కూడా ఇదే కోవలోకి వస్తాయి. మనుషులందరిలోనూ ఉండే ఇలాంటి రకాలను ఐసోటైపులనీ, కొందరిలో ఉండి కొందరిలో లేకుండా వారసత్వంగా దిగే కేఎం వంటివాటిని ఆలోటైపులనీ వేరుచేసి చెప్పడం అందుకే అవసరమైంది. లామ్డా జన్యువులున్న ఇరవై రెండో క్రోమోజోముపై స్థిర భాగపు ముక్కలు కాపాలో వలె ఒకటి కాక వరుసగా సాధారణంగా ఏడు ఉంటాయి, వాటిలో నాలుగు పనిచేస్తాయి. కొందరిలో ఈ వరుస ఇంకా పొడవుగా ఉంటుందని 1980లలో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. కాబట్టి లామ్డాలో వారసత్వపు తేడా బొత్తిగా లేదని కాదు, అది గొలుసు మీద గాక జన్యువుల లెక్కలో ఉంది.

ఆలోటైపు అన్న మాటను 1956లోనే పారిస్ పాశ్చర్ సంస్థకు చెందిన జాక్ ఉదాఁ కుందేళ్ల ప్రతిరక్షకాలను వర్ణిస్తూ తెచ్చాడు. కుందేలు కాపా గొలుసుల్లోని ఆలోటైపుల మధ్య స్థిర భాగంలో దాదాపు మూడోవంతు స్థానాలు వేరుగా ఉన్న జంటలు కూడా ఉండగా, మనిషిలో తేడా రెండు స్థానాలకు మించకపోవడం పోల్చి చూడదగినది.

కేఎం గుర్తు పంపిణీ జాతులను బట్టి మారుతుంది. ఐరోపా మూలాల ప్రజల్లో కేఎం-3 రూపమే అత్యధికం, కేఎం-1 ఉన్నవారు ఐదింట ఒక వంతుకు మించరు. ఆఫ్రికాలోనూ తూర్పు ఆసియాలోనూ చాలా జనసమూహాల్లో కేఎం-1 ఉన్నవారు సగానికి చేరువగా ఉంటారు. కేఎం-1 ఒక్కటే ఉండే రూపం అన్నిచోట్లా అరుదు, సాధారణంగా దానికి కేఎం-2 తోడుగా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో మానవశాస్త్రజ్ఞులు జనసమూహాల వలసలనూ కలయికలనూ అంచనా వేయడానికి జీఎం, కేఎం గుర్తులను కలిపి వాడారు, న్యాయస్థానాల్లో పితృత్వ వివాదాల్లో కూడా వీటిని ఉపయోగించారు. నిజం చెప్పాలంటే ఈ పనిలో భారం మోసింది జీఎం గుర్తులే, ఎందుకంటే అవి గుత్తులు గుత్తులుగా సంక్రమిస్తాయి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో గుత్తి ప్రత్యేకంగా ఉంటుంది; మూడే రూపాలున్న కేఎం ఒక్కటే అయితే, ముఖ్యంగా ఐరోపాలో, తండ్రిని కాదని తోసిపుచ్చగల సందర్భాలు తక్కువ. పరీక్ష చేసేవారు ఇంకో జాగ్రత్త కూడా పాటించవలసివచ్చేది. తల్లి ఐజీజీ మావి ద్వారా బిడ్డ రక్తంలోకి చేరుతుంది కనుక పుట్టిన కొత్తలో బిడ్డ సీరంలో కనిపించేది చాలామటుకు తల్లి గుర్తే. అది కరిగిపోయి బిడ్డ సొంత ప్రతిరక్షకాలు వచ్చేవరకు సుమారు ఆరు నెలలు ఆగితే తప్ప ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు. రక్తం ఎక్కించుకున్నవారి విషయంలోనూ, వేలాది దాతల ప్లాస్మా కలిపి చేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్లు తీసుకున్నవారి విషయంలోనూ ఇదే ఇబ్బంది. డీఎన్‌ఏ నేరుగా చదవడం సులువయ్యాక ఈ తలనొప్పులతో పాటు పాత పరీక్షా చాలావరకు మూలపడింది. దానికి కావలసిన సీరాలు అరుదైన దాతల నుంచి సేకరించవలసినవి కావడం కూడా అందుకు తోడైంది.

గుర్తు ఉన్నవారికీ లేనివారికీ రోగనిరోధక శక్తిలో తేడా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది. పసిపిల్లల్లో మెదడు పొరల వాపు కలిగించే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే బాక్టీరియాపై ఇచ్చిన తొలితరం టీకాకు కేఎం-1 ఉన్న పిల్లల్లో ప్రతిరక్షకాలు ఎక్కువగా వచ్చాయని 1984లో అమెరికాలో డాన్ గ్రానాఫ్, జనార్దన్ పాండే తదితరులు ప్రచురించారు. వ్యాధి ముప్పు తగ్గినట్టు కనిపించింది మాత్రం నల్లజాతి పిల్లల్లోనే. ఇలాంటి ఫలితాలను చదివేటప్పుడు గుర్తే కారణమని తొందరపడకూడదు. కేఎం జన్యువుకు పొరుగునే రెండో క్రోమోజోముపై కాపా చర భాగపు ముక్కలు బారులు తీరి ఉన్నాయి. ఆ బాక్టీరియా పైపొరను పట్టే మనుషుల ప్రతిరక్షకాల్లో ఏ2 అనే ఒక చర ముక్క తరచుగా కనిపిస్తుంది. అమెరికాలోని నవాహో ఆదివాసుల్లో ఈ వ్యాధి మిగతావారికన్నా హెచ్చుగా ఉండడానికి వారిలో ఏ2 ముక్క లోపభూయిష్టమైన రూపం ఉండడం ఒక కారణం కావచ్చునని 1996లో ఆన్ ఫీనీ బృందం సూచించింది. కాబట్టి కొన్ని సందర్భాల్లో కేఎం గుర్తు తాను ఏమీ చేయకుండానే పక్కనున్న మరో జన్యువు ఉనికిని తెలిపే చిహ్నంగా మాత్రమే పనిచేస్తూ ఉండవచ్చు. ఒక జనసమూహంలో కనిపించిన సంబంధం మరొకదానిలో కనబడకపోవడానికి కూడా ఇది ఒక వివరణ. అసలు కాపా గొలుసే లేని మనుషులు అతి అరుదుగా ఉన్నారు; అలాంటి ఒక వ్యక్తిలో స్థిర భాగపు జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒక్కో అక్షరం మారి గొలుసు చెడిపోయిందని 1985లో గుర్తించారు. వారి శరీరం లామ్డా గొలుసులతోనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. గొలుసు మొత్తం పోయినా శరీరం నెట్టుకురాగలిగినప్పుడు, అందులో ఒక్క అమైనో ఆమ్లం మారినందువల్ల పెద్ద తేడా వస్తుందనే వాదాలు గట్టి ఆధారాలు చూపవలసి ఉంటుంది.

గత పాతికేళ్లలో కేఎం గుర్తు ప్రాధాన్యం మరో దిక్కు నుంచి పెరిగింది. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే ప్రతిరక్షక ఔషధాలు ప్రయోగశాలలో ఒకే రకం కణం నుంచి తయారయ్యేవి; కనుక వాటి తేలిక గొలుసుపై ఒకే రూపం గుర్తు ఉంటుంది. లింఫోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌లో చర భాగం ఎలుకది, స్థిర భాగం మనిషిది; రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌లో ఎలుక నుంచి తీసుకున్నది చాలా తక్కువ. ఈ రెండింటి కాపా గొలుసుల్లోనూ 153వ స్థానంలో అలనిన్, 191వ స్థానంలో వేలీన్ ఉన్నాయి, అంటే రెండూ కేఎం-3. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రెడిటక్స్ పేరుతో విడుదల చేసిన రిటుక్సిమాబ్ కూడా అదే అణువుకు ప్రతిరూపం. ఇలాంటి మందులు తీసుకునే రోగుల్లో కేఎం-3 బొత్తిగా లేనివారు కూడా ఉంటారు; వారి ఒంటికి ఆ వేలీన్ పరాయిదే. తమ గొలుసు మీద లేని గుర్తు మందుమీద ఉంటే శరీరం దాన్ని ఎదిరించి, మందును పనిచేయనివ్వకుండా ప్రతిరక్షకాలను తయారుచేస్తుందేమో అన్న అనుమానం ఔషధ శాస్త్రజ్ఞుల్లో ఉంది, దానికి తర్కం కూడా లేకపోలేదు. అయితే నెదర్లాండ్స్‌లో అడాలిముమాబ్ అనే ప్రతిరక్షక ఔషధం తీసుకుంటున్న కీళ్లవాతపు రోగులపై జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో బరువు గొలుసు గుర్తు రోగికీ మందుకూ కలవనివారిలో అలాంటి ప్రతిరక్షకాలు ఎక్కువగా కాక, ఊహకు భిన్నంగా తక్కువగా కనిపించాయి. మందును తిప్పికొట్టే ప్రతిరక్షకాల్లో అధికభాగం దాని చర భాగాన్నే గురిచూస్తాయి. ఔషధ తయారీదారులు మాత్రం తమ అణువు ఏ ఆలోటైపుకు చెందినదో ఖచ్చితంగా తెలుసుకున్నాకే పని మొదలుపెడతారు, ఎందుకంటే మూలమందుకూ దాని ప్రతిరూపానికీ అమైనో ఆమ్లాల వరుస ఒకటేనని రుజువు చేయవలసివచ్చినప్పుడు 153, 191 స్థానాలు కూడా మిగతా స్థానాలన్నిటితో పాటు సరిపోలి తీరాలి.